పళ్ళెంలో ఐదుగురు

నా పళ్ళెంలోకి రావడానికి అనుమతి ఐదుగురికే.
తెల్లన్నం. గడ్డపెరుగు.
కరకరలాడేలా వేపిన బంగాళాదుంప.
మినప్పప్పడం.
మారీ బిస్కెట్టు, అదీ పాలలో ముంచనిది.
నలభై నాలుగేళ్ళుగా ఆరోవాళ్ళెవరూ గడప దాటలేదు.

వంకాయ పేరు చెబితే
నా నాలుక వెనక్కి నడుస్తుంది.
సాంబారులో ములక్కాడ తేలుతుంటే
కాలవలో ఏదో తేలుతున్నట్టు చూస్తాను.
మొండివాడంది మా నాయనమ్మ.
గారాబమన్నాడు మేనమామ, ముక్కు మూసి నోట్లో పప్పు పోసి.
ఆ పప్పు ఇప్పటికీ ఆయన పంచె మీదే ఉంది,
నా జ్ఞాపకంలో.
ఓసారి పెళ్ళిపందిట్లో పంక్తి మొత్తం లేచేదాకా
ఆకు మీద అప్పడం ఒక్కటే విరుచుకుంటూ కూర్చున్నాను.
అది నా పెళ్ళే.

పెరంబూరులో ఎవరు ఎదురైనా మొదటి మాట
"సాప్టియా?"
తిన్నావా అనే అడుగుతారు,
ఏం తిన్నావని అడగరు.
ఆ దయ వల్ల ఇన్నేళ్ళు గుట్టుగా బతికాను.

రట్టు చేసింది నా రక్తం.
తినకముందు నూట ఎనభై ఆరు.
తిన్నాక రెండు వందల తొంభై.
డాక్టరు కాగితం ఇచ్చాడు:
కాకరకాయ, మెంతికూర, కొర్రలు, మొలకలు...
అందులో తెలిసిన మొహం ఒక్కటి లేదు.
కాగితం తిప్పితే వద్దన్నవాళ్ళ వరస.
నా ఐదుగురిలో నలుగురు అక్కడే,
పోలీసు స్టేషన్లో ఫోటోకి నిలబడ్డట్టు.

వకుళ ఏడవలేదు. త్రాసు కొనుక్కొచ్చింది.
అన్నం తూచింది, రాత్రే వండి చల్లార్చింది.
"చల్లారితే కాస్త నెమ్మదిస్తుందట" అంది,
కోపిష్టి మావగారి సంగతి చెప్పినట్టు.
తిన్నాక క్వార్టర్ల చుట్టూ పావుగంట నడక.
వీధికుక్కలకి నా టైము తెలిసిపోయింది.
వేలికొనల మీద సూది చుక్కలు,
గీతలు కలపని ముగ్గు.

కత్తిరి ఎండల్లో ఓ రోజు
క్యాంటీన్లో సాంబారన్నం తప్ప ఏమీ లేదు.
మాత్ర వేసుకున్నాను, తిండి మానేశాను.
వ్యాసర్పాడి దాటాక, బేసిన్ బ్రిడ్జి రాకముందు,
సిగ్నల్ దగ్గర రైలు ఆగింది.
నేనూ ఆగిపోతున్నాను.
చల్లటి చెమట. చేతుల వణుకు.
ఎదుటి కిటికీ రెండు కిటికీలు.
మల్లెపూల బుట్ట దించి ఒకావిడ
అరటిపండు ఒలిచి నోటికందించింది.
"సాప్పిడు కణ్ణా."
ఆ మెత్తదనం పెదవికి తగిలింది.
ప్రాణం జారిపోతోంది,
పళ్ళు మాత్రం విడలేదు.

మొండితనమే అయితే
ఆ క్షణాన లొంగిపోయేది కదా నాయనమ్మా.

చొక్కా జేబులో వకుళ పెట్టిన పొట్లం.
నాలుగు మారీలు,
రెండేసి బిళ్ళల మధ్య అద్దిన పంచదార.
వద్దన్నవాళ్ళే వచ్చి
నన్ను లేపి కూర్చోబెట్టారు.
ఆ పండు పూలావిడే తినేసింది.
ఏమీ అడగలేదు.

తర్వాత ఆసుపత్రిలో మలర్‌విళి అనే పిల్ల
కాగితం పక్కన పడేసి అడిగింది:
"అప్పడంలో మీకేం ఇష్టం? ఉప్పా, చప్పుడా?"
నన్నెవరూ అలా అడగలేదు.
చప్పుడే, అన్నాను, సిగ్గుపడుతూ.
"అలా చప్పుడు చేసేది ఇంకేముందో వెతుకుదాం."

వేరుశెనగ గింజ.
మొదటి వారం బల్ల మీద కూర్చుంది, చుట్టంలా.
రెండో వారం పళ్ళెం అంచుకి జరిగింది.
ఓ ఆదివారం, ఎవరూ చూడనప్పుడు,
పళ్ళ మధ్య పెట్టి విరిచాను.
టక్‌మంది.
ఉమ్మేశాను.
మర్నాడు మళ్ళీ విరిచాను.

ఇప్పుడు పూటకి పదకొండు గింజలు.
ఎర్రపొట్టు ఒక్క పిసరున్నా గొంతు మూసుకుంటుంది.
నిన్న నూట నలభై ఎనిమిది.
ఇవాళ రెండు వందలు దాటింది, ఎందుకో తెలీదు.
వకుళ చేటలో గింజలు నలిపి ఊదుతోంది.
ఫ్యాను గాలికి పొట్టు లేచి
మీటరు మీద వాలింది,
అంకె కనిపించకుండా.
కాసేపు అలాగే ఉంచాం.