ఏడడుగుల సందు

మోంటానాలో రెండు కౌంటీల పటాలను
ఒకే తెరమీద పక్కపక్కన పరిచింది ఒర్లా.
అంచులు కలవలేదు.
ఇటు పటం కంచెకి కాస్త ముందే ఆగిపోయింది,
అటుది కంచె దాటాక గాని మొదలవదు.
నడుమ తెల్లటి చీలిక.

కంచె పక్కనున్న ఇల్లు
పన్నుల వాళ్ళకి ఒక అంకె,
అడవిశాఖకి ఇంకో అంకె,
వరదబీమాకి అసలు ఇల్లే కాదు.
పోయిన ఆగస్టులో మంట కొండ దిగినప్పుడు
ఏ అంకెను నమ్మాలో తెలియక
ఫైరింజన్ గేటు దగ్గరే ఆగింది,
దీపాలు తిరుగుతూనే.

ఇవాళ వాషింగ్టన్ నుంచి ఫోనులో పదకొండు గొంతులు:
దేశమంతటికీ ఒకే నంబరు వరస,
అన్ని శాఖలూ చూసే ఒకే పటం.
"యజమాని పేరు కూడానా?" అన్నారెవరో.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
"ఖర్చెవరిది?"
ఈసారి అందరూ మాట్లాడారు.

ఒర్లా వింటూనే చీలికను పెద్దది చేసి కొలిచింది.
ఏడడుగులు.
కలిసి నడిస్తే స్నేహం కుదిరిపోయే దూరం.
అందులో, ఏ కౌంటీకీ పన్ను కట్టని
ఒక కోళ్ళగూడు, రేకు కప్పు ఎండకి మెరుస్తూ.

అంచులు కలిపేయడానికి ఒక్క నొక్కు చాలు.
వేలు వెనక్కి తీసుకుంది.
రేపు వెళ్ళి ముసలి టోర్‌గెర్సన్‌ను అడగాలి,
ఆ కోళ్ళు ఇన్నేళ్ళూ
ఎవరి నేలమీద గుడ్లు పెడుతున్నాయనుకున్నాడో.