రెండు పేటలు

రాత్రి పదకొండున్నర. భీమవరం, జువ్వలపాలెం రోడ్డు,
మేతల కొట్టు మేడ మీద మా ల్యాబు.
ఐసు డబ్బాలో ఏడు రొయ్యలు పెట్టుకుని
గొల్లవానితిప్ప నుంచి బండి మీద వచ్చాడు
కొల్లాటి ఏసుపాదం.
కౌలు చెరువు. రెండెకరాలు. నలభై మూడో రోజు.
"మేత ముట్టట్లేదండి. గట్టు పట్టేసినయ్" అన్నాడు.
అంతకంటే ఏమీ అనలేదు.

మొప్ప ముక్క తుంచి, నూరి, కడిగి, మళ్ళీ కడిగి
చుక్కంత నీళ్ళలోకి దించాను.
"ఇందులో ఏటుందండి, నీళ్ళేగా?"
నీళ్ళే.
నీళ్ళలో, కంటికి ఆనని తాడు.

డబ్బాకి కట్టిన తాడు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.
కొబ్బరి పీచుది, అంబాజీపేట సరుకు.
చివర విప్పి చూపించాను.
ఇదిగో, ఇలాగే, ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు పేటలు,
ఒకటి ఎగువకి నడిస్తే రెండోది దిగువకి.
మధ్యలో మెట్లు, మెట్టుకి రెండక్షరాలు.
ఎ ఎదుట టి, జి ఎదుట సి,
ఆ వియ్యం మారదు.
అందుకే ఒక పేట పోయినా
ఉన్నదాన్ని చూసి పోయినదాన్ని పేనుకోవచ్చు.
"నాలుగే అక్షరాలా! మా బుడ్డోడికి యాభై ఆరండి"
నవ్వాడు, వచ్చాక మొదటిసారి.

మిషను మూత వేశాను.
తొంభై ఐదు డిగ్రీల దగ్గర పేటలు విడతాయి,
చల్లబడ్డాక జత వెతుక్కుంటాయి.
ఒకటి రెండు, రెండు నాలుగు,
అలా నలభై విడతలు. గంటన్నర.
కరెంటు ఉంటే.

టీ తెప్పించాను. ఆయన భార్య కరుణమ్మది సీతారాంపురం,
లేసు అల్లే ఊరు.
మిగతా సంగతి లేసులో చెప్పాను.
ఏజెంటు పెట్టెలో మాదిరి ముక్క ఉంటుందా,
దాన్ని బయటికి తియ్యరు.
లెక్క మాత్రం చీటీ మీద రాసి వాకిళ్ళకి పంపుతారు.
ఆ చీటీ ఒంటిపేట. టి ఉండాల్సిన చోట యు రాసుకుంటుంది.
చేతి చెమట తగిలితే చిరుగుతుంది,
పనయ్యాక ఎవరూ దాచరు.
వాకిట్లో కూర్చున్నవాళ్ళు మూడేసి అక్షరాలు చదువుకుని
ఒక్కో పూస గుచ్చుతారు.
రొయ్య మీసం, పెంకు, తోకలో తీపి,
నా గోరు, మీ రెప్ప,
ఆ పూసల పనే.

చాలాసేపు గ్లాసు అడుగు చూసుకున్నాడు.
"అయితే ఆ జబ్బుకీ ఒక మాదిరి ఉందన్నమాట.
వాకిలి లేదు దానికి, దారం లేదు, సూది లేదు.
మా రొయ్య ఇంట్లో జొరబడి
మా రొయ్య చేతే,
అప్పు తెచ్చి నేనేసిన మేతతోనే
దాని లేసు అల్లించుకుంటందా అండీ?"

నాలుగేళ్ళు చదివాను.
మా మేష్టారెవరూ ఇంత పొట్టిగా చెప్పలేదు.

ఇరవై రెండో విడతకి గీత లేచింది.
నేను నోరు తెరవకముందే ఆయనా లేచాడు.
తారీఖు, చెరువు నంబరు, తెల్లమచ్చ: ఉంది.
అసలు రిజిస్టరులో, బీరువాలో.
నకలు ఆయన చొక్కా జేబులో, చెమటకి అప్పుడే తడుస్తూ.
మెట్ల మీంచి ఫోను వినబడింది:
"ఒరే ఇమ్మానియేలూ, వలలు తియ్యండి, తెల్లారగట్ల పట్టుబడి.
తూము మాత్రం తియ్యకండ్రా,
పక్కోళ్ళ చెరువులోకి నీళ్ళెళ్ళిపోతాయ్."

పొద్దున్న ఊడుస్తుంటే బల్ల కింద ఆ తాడు.
నేను విప్పిన చివర మళ్ళీ పేని ఉంది,
ఎప్పుడు పేనాడో,
ఒక పురి ఎక్కువ పడి,
కాస్త వంకరగా.