కారణం గడి

నల్లగుంట్లపల్లె. పలమనేరుకు పైన.
నాకప్పజెప్పిన ఇండ్లు నూటా పద్నాలుగు.
చేతిలో ట్యాబు, దాని పగిలిన మూల మీద
మా పాప అంటించిన సీతాకోకచిలుక.

వలస సర్వే. మూడు రోజులే గడువు.
తాళం వేసిన ఇంటికి కూడా
వాకిట్లో నిలబడుకొని ఫోటో తీయాలంట,
తాళం స్పష్టంగా కనపడాలంట.

చెంగల్రాయుడు ఇంటి తాళం కొత్తది.
పోయే ముందురోజు సంతలో కొన్నాడంట.
ఉన్నన్నాళ్లూ ఆ ఇంటికి తాళమే లేదు,
ఎత్తుకుపోయేందుకు ఏముందని.

కారణం, అని ఒక గడి.
నొక్కితే కిందికి జారతాయి:
ఉద్యోగం. చదువు. పెండ్లి. ఇతరములు.

ఆయప్పకు నాలుగు బోర్లు. మూడు దుమ్ము కక్కినాయి.
నాలుగోది వెయ్యీ నూటాయాభై అడుగుల కాడ
గంటసేపు నీళ్లిచ్చి
ఊరంతా పరిగెత్తుకొచ్చేలోగా
దగ్గి, మానేసింది.
దీన్ని ఉద్యోగం అనాలా, చదువు అనాలా?

మాది కరువు మండలం కాదు, ఈ సంవత్సరం.
వానను కొలిచే గొట్టం మండలాఫీసు వెనకాల ఉంది.
చెనిక్కాయకు ఊడలు దిగే నెలంతా
అందులో సాలీడు గూడు కట్టుకునింది.
కార్తీకంలో తుపాను వచ్చి ఒక్క రాత్రిలో
మూడు నెల్ల బాకీ కక్కి పోయింది.
చెరువు కట్ట తెగింది. వామి వేసిన కట్టె కుళ్లింది.
కూడి, భాగిస్తే,
సగటు సాధారణం.

మా సారు మంచోడే. కాగితం నా పక్కకు తిప్పినాడు.
"చూడు సంపూర్ణా, నాకేమన్నా పగనా?
మైనస్ ఉంటేనే పైకి పంపేది."

ఏనుగు తొక్కిన చేనికి గడి ఉంది,
ఫోటోకి అడుగు గుర్తుంది.
ఎండకు అడుగుల్లేవు.

మొన్న తిరుపతిలో, ఏసీ హోటల్లో, మీటింగు పెట్టి
దీనికి వాతావరణ వలస అని పేరు పెట్టినారు.
పేరు బాగుంది. భోజనాలూ బాగున్నాయంట.
గడి మాత్రం వచ్చే అప్‌డేట్‌లో వస్తుంది.

ఫోన్ చేసినా. అవతల కాంక్రీటు మర తిరుగుతా ఉంది.
"హోసూరు దాటినాక ఏదో లేఅవుటు, అక్కా,
పేరు నోరు తిరగదు.
బియ్యం ఈడే ఇస్తారంట, వేలు పెట్టమన్నారు.
పెడితే, గీతలు లేవన్నారు. సిమెంటు కదా."
కాసేపు మర ఒక్కటే మాట్లాడింది.
"మా ఇంటి ముందరే ఉన్నావా?
అరుగు మీద కుక్క ఉందా?"

ఉంది. ఫోటోలో కూడా పడింది.
ముఖం సరిపోలలేదు, అనింది యాప్.

ఇతరములు నొక్కినా.
ఇరవై అక్షరాలకే జాగా.
వాన వచ్చింది కాకపోతే
అనేసరికి నిండిపోయింది.

సమర్పించు, నొక్కినా.
పచ్చగా టిక్కు పడింది.
పక్కింటి తాళం పాతదే, తుప్పు పట్టింది.
కుక్క లేచి, ఒళ్లు విదిలించుకొని
నా వెనకాలే వచ్చింది.