మూడో ఫీడరు

సిరోంచ సబ్‌స్టేషన్. రాత్రి రెండుంబావు.
తెర మీద బాణం
నా చెయ్యి లేకుండనే కదిలింది.
మూడో ఫీడరు తెరిచింది, మూసింది,
దొంగ గొళ్లెం ఊపి చూసినట్టు.

ఎవరివో నువ్వు.
నీది సుత రాత్రి డ్యూటీనేనేమో,
నీ వెనక ఎవడో నిలబడి ఉన్నడేమో.

వైరు పీకేసిన.
టార్చి పండ్ల నడుమ పెట్టుకొని
ఇనుప పిడి చేత్తోనే తిప్పిన.
నది అవతల కాళేశ్వరం దీపాలు
ఏం తెల్వనట్టు వెలుగుతున్నయి.

లాగ్‌బుక్కు మరాఠీల రాయాలె.
రోజూ 'గాలి' అని రాస్త.
ఇయ్యాల పెన్ను ఆగింది.

పొద్దుగాల్ల పోచుబాయి వస్తది.
మిర్చిగిర్నీ ఆగిందని
నన్ను, సాహెబును, ముంబైని, ఢిల్లీని
ఒక్క ఊపిరిల తిడతది,
అర్జీ మీద వేలిముద్ర గుద్ది పోతది.

నీ ఊర్ల దీపం పోతే
ఎవరినన్న తిట్టనిస్తరా?