ఒకటే సీస

పదర దాటినంక బస్సు లేదు.
మంద కాడికి నడవాలె. పుష్యమాసం, తెల్లారి ఐదు,
గడ్డిమీది మంచు సూదిలెక్క గుచ్చుతుండె.
నేను పశువుల దవాఖాన కాంపౌండర్ను.
నా సంచిల ఒక ఐసుడబ్బ,
గులాబిరంగు మందు సీస ఒకటి.

బీరవ్వ గొంగడి కప్పుకొని నిప్పుకాడ కూసుంది.
పన్నెండు గొర్రెలు ఈసుకపోయినయి, అన్నది,
వేళ్లు మడిచి, విప్పి, మళ్ల మడిచి.
ప్రతిదానికీ తనే చెయ్యి పెట్టిందంట,
మోచేతి దాక, ఒట్టి చెయ్యి.
"మాయ చిక్కితే తల్లి చస్తది గద సారు.
అయినా ఈ చలిల
గొర్రె కడుపుల కంటె వెచ్చటి జాగ యాడున్నది?"
నవ్వుకుంటనే అన్నది. నేను రాసుకోలె.
నా రిజిస్టర్ల గొర్రెలకే గళ్లు.

జరం సంగతి మరిది చెప్పిండు, కట్టెలిరుస్తూ:
పొద్దుగూకితే వస్తది, తెల్లారితే చెమటై పోతది,
మూణ్ణెల్లాయె, నడుము లేస్తలేదు,
అచ్చంపేటల మలేరియా అన్నరు,
నాగర్‌కర్నూల్ల టైఫాయిడ్ అన్నరు,
గాలి సోకిందంటే కోడిని కూడ కోసినం.
ఒక్కటి దాచిండు. అది బీరవ్వే చెప్పింది,
మంటల పుల్ల కదుపుకుంట:
"నాకు గూడ ఈసుకపోయింది. దసరా ముంగట. నాలుగో నెల."
గొర్రెకు వాడిన మాటే.

తెల్ల పలకమీద చుక్కలు వేసిన.
నెత్తురు తేట ఒక చుక్క, పక్కన గులాబి చుక్క,
పుల్లతోటి కలిపి నాలుగు నిమిషాలు ఊపాలె.
రోగముంటే ఇరిగిన పాలలెక్క పలుకులు కడతది.
పదమూడో గడి ఖాళీగుండె.
మనిషి నెత్తురు ముట్టే కాయితం నాకు లేదు.
బీరవ్వ చెయ్యి చాపింది,
నేను అడగకముందే.

గొర్రెపిల్ల ఒకటి వచ్చి నా మోకాలు నాకుతుండె.
నాలుగో నిమిషానికి
ఏ చుక్క మనిషిదో మర్చిపోయిన.
అన్నీ ఒక్కతీరుగనే ఇరిగినయి.

చీటీలు నా దగ్గర పశువులయే.
వయసు: ముప్పై ఒకటి.
ఈతలు: రెండు. ఒకటి పోయింది.
జాతి అన్న గడికాడ పెన్ను ఆగింది.
ఊదిన, జాడిచ్చిన, సిరా రాలే.
అట్లనే ఇచ్చిన. పెద్ద డాక్టర్కు చూపియ్యి,
నవ్వుతడు, నవ్వనియ్యి,
మాల్టా జరం అని నేను అన్నట్టు చెప్పు,
పచ్చిపాలు ఇగ తాగకు.

"కాగబెడితే పిల్లలు తాగరు సారు," అన్నది.

తిరిగి నడుస్తుంటే
బొటనవేలి పగులు సలిపింది.
గ్లౌజులకు రాసి మూడేండ్లాయె.