ఒక్క అచ్చు తేడా

గ్రిమ్స్‌బీలో గురువారం, రాత్రి ఏడు.
లైబ్రరీ మేడ మీద గది.
హీటరు టకటకమంటుంది గానీ వేడెక్కదు.
కోట్లు విప్పని ఎనిమిది మందిమి,
ఎంత తోమినా చేతుల్ని వదలని కాడ్ చేప వాసన.

విన్నీ ఓల్డ్‌రాయిడ్ టీచరమ్మకి డెబ్బై ఒకటి.
ఒకప్పుడు రేవులో పెట్టెల లెక్క రాసిన చెయ్యి
ఇప్పుడు బోర్డు మీద మాటల్ని తూకం వేస్తుంది.
ఎవరేం పోల్చినా ఆమెది ఒకటే ప్రశ్న:
"దాన్ వాట్? దేని కంటే?
సగం పోలిక తీర్చని బాకీ నాయనా, పూర్తి చెయ్."

"నా చెయ్యి మోర్ కోల్డర్" అంది సెమ్హార్,
ఎరిట్రియా పిల్ల, చేపలు కోసే వరసలో మూడో మనిషి.
టీచరమ్మ మోర్‌ని తుడిచేసింది.
"కోల్డ్‌కి తోక పెట్టావుగా, మళ్ళీ తలపాగా దేనికి?
రెండూ ఉంటే రెట్టింపయ్యేది చలి కాదు, తప్పు.
దేని కంటే?"
"చేప కంటే."

తలుపు పక్క కుర్చీలో నేను నా భాష తడుముకున్నాను.
మాకు చల్లన ఎప్పుడూ చల్లనే, తోకా లేదు, తలపాగా లేదు.
ఓడినవాడి మెడలోనే కంటె వేసినట్టు
చేపకి తగిలిస్తాం కంటే.
పిల్లల్ని కంటే అన్నా అదే మాట, కలలు కంటే అన్నా అదే.
ఏ కంటేనో వాక్యమే చెప్పేస్తుంది,
ఎవరి జీతమూ పోదు.

ఇక్కడ అలా కాదు.
మొన్న మంగళవారం సూపర్‌వైజరు మెసేజి పెట్టాడు:
రాత్రి షిఫ్టుకి మనిషి తక్కువ, ఏమంటావ్?
సెమ్హార్ బస్సులో నిలబడి, చేతి తొడుగు పళ్ళతో లాగి
జవాబు కొట్టింది.
ఆమె మనసులో ఉన్నది:
పని చేయడం కంటే ఇంటికి పోవడమే మేలు.
దాన్ కూర్చోవలసిన చోట దెన్ కూర్చుంది.
అతను చదువుకున్నది:
ఇంటికి పోతాను, ఆ తర్వాత పని చేస్తాను.
బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి పంపాడు.
సెలవు దొరికిందనుకుని ఆమె అన్నం వండుకుంది.

పదిన్నరకి వాకిట్లో వ్యాను హారను.
వెళ్ళింది.
కాదనడానికి ఇంకో వాక్యం కావాలి,
ఆ పాఠం అప్పటికింకా రాలేదు.

అందరం నవ్వాం. తనూ నవ్వింది.
బొగుమీల్ దగ్గొచ్చేదాకా నవ్వాడు.

తర్వాత టీచరమ్మ తన పాత ఉద్యోగంలోకి వెళ్ళిపోయింది:
"లెక్కపెట్టగలిగితే ఫ్యూయర్. లెక్కకి లొంగకపోతే లెస్.
పడవలు ఫ్యూయర్. సముద్రం లెస్."
ఆగింది. కిటికీ వైపు చూసింది.
"సముద్రమేం తగ్గలేదనుకోండి. డీజిల్ అని రాసుకోండి."

తలా ఒక వాక్యం.
బొగుమీల్: "పోయినేటి కంటే జుట్టు లెస్, అప్పులు ఫ్యూయర్."
చప్పట్లు.
రెజ్గార్ నోరు విప్పడం మేమెవరం వినలేదు,
వచ్చి ఐదు వారాలు.
కాగితం మీద వేలు ఆనించి చదివాడు:
"మా ఇంట్లో మనుషులు ఫ్యూయర్."

హీటరు టకటక.
ఎర్ర పెన్ను పైకి లేచింది, తప్పు కోసం వెతికింది.
తప్పు లేదు.
మనుషులు లెక్కకి లొంగుతారు.
దేని కంటే అని
ఆ ఒక్కసారి టీచరమ్మ అడగలేదు.
పక్కన టిక్కు పెట్టింది, చిన్నది,
పెట్టాక కాసేపు పెన్ను మూత వెతుక్కుంది,
అది ఆమె చేతిలోనే ఉంది.

బస్సు స్టాపులో సెమ్హార్ అరచెయ్యి చూపించింది.
నీలం సిరాతో పెద్ద ఏ అక్షరం,
దాన్‌లోది.
రేపు ఐదింటికి మళ్ళీ మంచునీళ్ళు, మళ్ళీ చేపలు.
"ఇంగ్లీషు కంటే సిరా త్వరగా పోతుంది" అంది.
పోలిక పూర్తిగానే ఉంది.
బస్సే రాలేదు.