ఏడ నిలవడితే ఆడ

చిరునామా అన్న గడి కాడ
నుస్రత్ వేళ్ళు ఆగినయ్.
మీసేవల నా ఎనక ఇరవై మంది.
"దుకాణం ఏడుంటదక్కా?"
"బండి కదనే, ఏడ నిలవడితే ఆడ."
గడి ఒప్పుకోలె.
ఎర్రగ మెరిసి మల్ల అదే అడిగింది.
ఆఖరికి బోడుప్పల్‌ల మేము కిరాయికుండే
రెండో అంతస్తు అర్ర నంబరు కొట్టింది.
దాని మీద ఓనరు సంతకం కోసం
మూడు శనివారాలు సర్వపిండి మోసిన.

ఇటుకలు మోసిన టాటా ఏస్ మాది.
ఇస్తారి దాని పక్క కోయించి కిటికీ పెట్టిస్తే
ఇది సామాన్ల బండి కాదన్నరు ఆర్టీవోల.
మరి ఏందయ్యా అంటే
కాయితం మారేదాక ఏం కాదన్నరు.
నెల మీద పదకొండు దినాలు
ఏం కానిదానికి కిస్తు కట్టినం.

నాకు రోగం లేదని నాకెరుకే,
అది డాక్టరు రాయాలె.
రక్తం ఇచ్చిన, మూత్రం ఇచ్చిన,
మూడోది సీసల పట్టుకొని
ఉప్పల్ దాక సిటీ బస్సుల కూసున్న.
పక్కామె ఏం తీస్కపోతున్నవంటే
పచ్చడన్న.

నల్లా నీళ్ళకు పరీక్ష.
మా పిల్లగాడు ఇంటర్ తప్పిన యేడు
నల్లా నీళ్ళు పాసైనయ్.

పద్నాలుగు అంకెల నంబరు
కిటికీ నెత్తి మీద రాయించిన,
మా ఇంటిపేరు కంటె పెద్దగ.
పెయింటరు ఏడు కాడ ఒకటి రాసిండు.
ఆ ఒక్క కొక్కెం కోసం
మల్ల రెండు వందలు.

అన్ని మింగిన గాని
ఆ ఎర్ర డబ్బా మింగుడు పడలె.
పద్దెనిమిది వందలు.
దానితోని కూర ఉడకదు, గిన్నె తోమదు.
జొన్నపిండి సంచి పెట్టే జాగల
పిలవని సుట్టం లెక్క కూసుంటది.
రోజు దాని మీది దుమ్ము తుడుసుకుంట
తిట్టేదాన్ని.

నాగోలు మెట్రో కింద,
వాన ఎలిసిన రాత్రి,
పక్క తోపుడు బండి మీద ఖాజా మియా
మిర్చీలు తీస్తుండు.
ఆయనకు ఒక్క కాయితం లేదు.
జీపొస్తే ఉరుకుతడు,
పోతే వస్తడు,
ఇరవై రెండేండ్లాయె.
ఉరుకంగ ఉరుకంగ
గ్యాసు పైపు ఏడ నలిగిందో.

బుస్సుమన్నది.
మంట ఆయన గడ్డం దాక లేసింది.
అందరు ఫోన్లు తీసిన్రు.
నాకేం తోచలె,
దుకాణపాయన సూపెట్టింది
చేతులకు యాదికుంది.
పిన్ను గుంజు, మంట మొదట్ల కొట్టు.
మిర్చీల మీద, రోడ్డు మీద,
నా కొప్పు మీద తెల్లటి దుమ్ము,
పిండిగిర్ని కాడ నిలవడ్డట్టు.

మంట పోయింది.
ఖాజా మియా ఒర్లలె, దండం పెట్టలె.
కనుబొమ్మలు కాలిన మొఖం
రుమాలుతోని తుడుసుకుంట
డబ్బాను అటిటు తిప్పి సూసిండు.
"కిత్నా హోతా బహెన్, యే?"
పద్దెనిమిది వందలంటే
మిర్చీలు లెక్కవెట్టుకొని
మల్ల కింద పెట్టిండు.

తెల్లారే తనిఖీ.
సార్ గ్లౌజులు సూసిండు, తలటోపీ సూసిండు,
డబ్బా ముల్లు సూసిండు.
ఎరుపుల ఉంది.
"ఖాళీ డబ్బా పెట్టుకొని బండి నడుపుతున్నవా?"
జరిగింది జరిగినట్టు చెప్పిన.
మంచిగనే ఇన్నడు.
కారణం రాసే గడి కోసం
ఫారం తిప్పి తిప్పి సూసిండు.
దొరకలె.
"రేపటిలోగ నింపించు" అని
అంచుల సన్నగ రాసి,
పెన్ను జేబుల పెట్టుకొని
మెల్లగ అడిగిండు:

ఆ మిర్చీ బండాయన
ఏడుంటడమ్మా?

నా చెయ్యి ఇంక తెల్లగనే ఉంది.
కిటికీ తుడుసుకుంట అన్న:
ఏడ నిలవడితే ఆడ, సార్.